గేదె మొహం చదవడం: నోరు లేని జీవాల నొప్పిని పరిశోధన ఎలా పట్టుకుంటోంది

"దీని మొహం బాలేదురా అబ్బాయ్."

తెనాలి దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో, పోయినేడు వేసవిలో ఒక పొద్దున గొడ్లచావిడిలో నిలబడి ఆవిడ అన్న మాట ఇది. ఎదురుగా లచ్చి, ముర్రా గేదె, మూడో ఈత. నాకైతే ఏ తేడా కనిపించలేదు. కుడితి తొట్టి దగ్గరే నిలబడి ఉంది. అరవడం లేదు, పడి కొట్టుకోవడం లేదు. పొద్దుటి పాలు మాత్రం లీటరున్నర తగ్గాయి. "ఎండలకి పాలు సరిగ్గా చేపలేదేమో పెద్దమ్మా" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఎండకి తగ్గితే ఆ మొహం వేరేగా ఉంటది. చెవులు చూడు, వెనక్కి పడేసింది. నడుం చూడు, ఎట్టా వంచిందో. చొప్ప వాసన చూసి వదిలేసింది. నెమరు కూడా వెయ్యట్లా" అంది.

మధ్యాహ్నానికి పశువుల డాక్టరు గారు వచ్చారు. ఒక వెదురు బొంగు తెప్పించి లచ్చి రొమ్ము వెనకాల, పొట్ట మొదట్లో అడ్డంగా పెట్టించారు. అటొకరు ఇటొకరు పట్టుకుని నెమ్మదిగా పైకి లేపి వదలమన్నారు. ఆయన స్టెతస్కోపు గొంతు మీద పెట్టి వింటున్నారు. మూడోసారి లేపినప్పుడు లచ్చి గొంతులోంచి చిన్న మూలుగు. పక్కనే ఉన్న నాకు వినపడీ వినపడనంత. "తీగో మేకో మింగింది" అన్నారాయన. పక్క స్థలంలో కొత్త ఇల్లు లేస్తోంది. సెంట్రింగ్ కమ్ములు కట్టే బైండింగ్ వైరు ముక్కలు గడ్డిలో కలిసిపోయి ఉన్నాయి. పశువు మేతను ఏరుకుని తినదు. నాలుకతో చుట్టి గబగబా మింగి, తర్వాత తీరిగ్గా నెమరేసుకుంటుంది. బరువైన ఇనుప ముక్క పోయి పోయి తేనెపట్టు గదుల్లా ఉండే రెండో పొట్టలో చేరుతుంది. అక్కడి నుంచి గుండె ఎంతో దూరం ఉండదు.

పెద్దమ్మ బడికి వెళ్లింది రెండో తరగతి వరకే. ఆవిడ ఆ పొద్దున చెప్పిన నాలుగు గుర్తుల్లో చెవులు, నడుం రెండూ డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ప్రచురించిన ఆవుల నొప్పి కొలతలోనూ ఉన్నాయని తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు.

చెప్పలేకపోతే నొప్పి లేనట్టేనా?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నొప్పి విషయంలో వైద్యం చాలాకాలం ఇలాగే నడిచింది. రోగి చెబితేనే నొప్పి. మరి చెప్పలేని వాళ్లో?

జంతువుల కంటే ముందు మన పసిపిల్లల సంగతి చూడాలి. 1980ల మధ్య వరకూ చాలా దేశాల్లో, పేరున్న ఆస్పత్రుల్లో కూడా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకి ఆపరేషన్ చేసేటప్పుడు కదలకుండా ఉండే మందు ఇచ్చేవాళ్లు గానీ నొప్పి తెలియకుండా ఉండే మందు సరిగ్గా ఇచ్చేవాళ్లు కాదు. వాళ్ల నాడులు ఇంకా ఎదగలేదు, నొప్పి తెలియదు, తెలిసినా గుర్తుండదు అనుకునేవాళ్లు. 1987లో, ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న భారత సంతతి వైద్యుడు కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. ఆపరేషన్ సమయంలో ఫెంటనిల్ అనే నొప్పిమందు ఇచ్చిన శిశువుల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ తగ్గాయి. నోటితో చెప్పని నొప్పి రక్తంలో రాసి ఉందన్నమాట. మన కడుపున పుట్టిన బిడ్డల విషయంలోనే అంత ఆలస్యమైతే, కొట్టంలో కట్టేసిన దూడ సంగతి ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

నొప్పికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న నిర్వచనం 1979లో వచ్చింది. అందులో నొప్పిని "వర్ణించడం" గురించిన మాట ఉండేది. వర్ణించాలంటే భాష కావాలి. నలభై ఏళ్ల తర్వాత, 2020లో, అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం దాన్ని సవరించింది. మాటల్లో చెప్పడం అనేది నొప్పిని వ్యక్తం చేసే అనేక పద్ధతుల్లో ఒకటి మాత్రమేనని, చెప్పలేకపోయినంత మాత్రాన మనిషికైనా జంతువుకైనా నొప్పి లేదనడానికి వీల్లేదని వివరణ చేర్చింది. చూడ్డానికి చిన్న సవరణే. కానీ "నొప్పి ఉందని రుజువు చెయ్యి" అని జంతువును అడిగే రోజులు పోయి, "లేదని ఎలా అనుకుంటున్నావు" అని మనిషిని అడిగే రోజులు వచ్చాయి.

ఇక్కడొక చిక్కుముడి ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. వేడి పెనం తగిలితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. మెదడుకి సంగతి చేరకముందే వెన్నుపాము చేసే పని అది. చర్మంలో, కండరాల్లో, ఎముక పొరల్లో దెబ్బను పసిగట్టే నాడుల చివరలు ఉంటాయి. వాటిలో ఒక రకం గబుక్కున పొడిచినట్టుండే సంకేతం పంపుతుంది. ఇంకో రకం ఆ తర్వాత మెల్లగా మంటలాగా, సలుపులాగా పంపుతుంది. ఈ సంకేతం ఒకటి, దాన్ని "బాధ"గా అనుభవించడం ఇంకొకటి. కాలు లాక్కున్నంత మాత్రాన బాధపడుతోందని చెప్పలేం. కాబట్టి శాస్త్రవేత్తలు అసంకల్పిత చర్యకి మించినది ఏదైనా ఉందా అని వెతికారు. నొప్పి తగ్గడం కోసం ఆ జంతువు తనంతట తాను ఏమైనా చేస్తుందా? ఏదైనా వదులుకుంటుందా?

నాకు బాగా నచ్చిన జవాబు కోళ్ల నుంచి వచ్చింది. 2000లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధన అది. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ కోళ్లు బరువు వేగంగా పెరిగి చాలా కుంటుతాయి. కుంటే కోళ్ల ముందు, మామూలు కోళ్ల ముందు రెండు రంగుల దాణా పెట్టారు. ఒక రంగు దాణాలో కార్‌ప్రోఫెన్ అనే నొప్పిమందు కలిపారు, రెండోది ఉత్త దాణా. ఏ రంగు తింటే ఎలా ఉంటుందో వాటికి ముందే అలవాటైంది. కుంటే కోళ్లు మందు కలిపిన రంగును ఎక్కువగా ఎంచుకున్నాయి. కుంటు ఎంత ఎక్కువైతే అంత ఎక్కువగా తిన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కోళ్లలో ఆ తేడా కనిపించలేదు. కోడి నోరు తెరిచి చెప్పలేదు గానీ ముక్కుతో ఎంచుకుని చూపించింది.

చేపల మీద కూడా ఇలాంటి పని జరిగింది. 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేప మొహం మీద దెబ్బను పసిగట్టే నాడులున్నాయని చూపించింది. పెదవికి ఎసిటిక్ ఆమ్లం ఎక్కించిన చేపలు మేత మానేశాయి, ఒళ్లు అటూ ఇటూ ఊపాయి, పెదవిని అడుగునున్న రాళ్లకేసి రుద్దుకున్నాయి. మార్ఫిన్ ఇస్తే ఈ ప్రవర్తన తగ్గింది. రొయ్యలు, పీతల గురించి వాదన ఇంకా నడుస్తోంది. బ్రిటన్ మాత్రం 2022లో తెచ్చిన చట్టంలో వాటినీ అనుభూతి ఉన్న జీవాల జాబితాలో చేర్చింది. చేపల చెరువుల మధ్య, రొయ్యల హేచరీల పక్కన బతికే మన కోస్తా వాళ్లం ఈ సంగతి తెలుసుకోవడం అవసరం. హేచరీల్లో తల్లి రొయ్య గుడ్లు త్వరగా పెట్టాలని కంటికాడ తెంపే పద్ధతి ఉంది. దాని మీద కూడా పరిశోధకులు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు.

సున్నా, ఒకటి, రెండు

2010లో కెనడాలో, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ ప్రయోగశాల వాళ్లు చిట్టెలుక మొహాన్ని నొప్పి కొలతగా మార్చారు. మాట రాని పసిపిల్లల మొహంలో నొప్పిని గుర్తించే పద్ధతుల నుంచి వచ్చిన ఆలోచన ఇది. చిట్టెలుకల మొహాలు ఫొటోలు తీసి, నొప్పిలో ఉన్నప్పుడు ఏవి మారుతున్నాయో చూశారు. ఐదు మారాయి. కళ్లు బిగుసుకున్నాయి, ముక్కు ఉబ్బింది, బుగ్గలు ఉబ్బాయి, చెవులు వెనక్కి వెళ్లాయి, మీసాల వెంట్రుకలు తీరు మారాయి. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు చొప్పున మార్కులు. మార్పు లేకపోతే సున్నా, కొంచెం ఉంటే ఒకటి, స్పష్టంగా ఉంటే రెండు. అంతే. యంత్రం లేదు, రక్తపరీక్ష లేదు.

ఆ తర్వాత వరసగా పెద్ద ఎలుకలకీ, కుందేళ్లకీ, 2014లో గుర్రాలకీ, 2016లో గొర్రెలకీ ఇలాంటి కొలతలు వచ్చాయి. గొర్రెల కొలత వచ్చిన ఏడాదికే కేంబ్రిడ్జ్ వాళ్లు గొర్రె ఫొటో చూసి నొప్పిని పట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ తయారుచేశారు.

పిల్లులది 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు దీన్ని ఇవాళే చేసి చూడొచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పిల్లి మెలకువగా, ప్రశాంతంగా ఉన్నప్పుడు మొహం ఎదురుగా చూడండి. తింటున్నప్పుడూ, ఒళ్లు నాక్కుంటున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ కాదు. చెవులు నిటారుగా ముందుకి ఉన్నాయా, లేక ఒకదానికొకటి దూరం జరిగి పక్కలకి తిరిగాయా? కళ్లు బాగా తెరిచి ఉన్నాయా, చికిలించినట్టున్నాయా? మూతి గుండ్రంగా మెత్తగా ఉందా, బిగుసుకుని కోలగా సాగిందా? మీసాలు వదులుగా వంపు తిరిగి ఉన్నాయా, పుల్లల్లా బిగిసి ముందుకి వచ్చాయా? తల భుజాల కంటే పైన ఉందా, కిందికి వాలిందా? ఐదుకి పది మార్కులు. నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నొప్పిమందు గురించి డాక్టరుతో మాట్లాడాల్సిందే. "గుర్రుగుర్రుమంటోంది కదా, హాయిగానే ఉంది" అనుకోకండి. పిల్లి సంతోషంలోనే కాదు, నొప్పిలో కూడా గుర్రుమంటుంది.

కుక్కలకి వేరే దారి పట్టారు. గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు 2001లో తయారుచేసి, 2007లో కుదించిన కొలతలో మొహం కంటే ప్రవర్తనకే ఎక్కువ చోటుంది. కేకలు, గాయాన్ని నాక్కోవడం, లేచి నడిచే తీరు, గాయం చుట్టూ నొక్కితే ఏం చేస్తుంది, మనిషిని ఎలా పట్టించుకుంటుంది, ఒంటి భంగిమ. మొత్తం 24 మార్కులు. ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మందు పడాలి.

పశువుల కొలతల్లో ఒకదానికి మన ప్రాంతంతో చుట్టరికం ఉంది. బ్రెజిల్‌లో బొటుకాటు పశువైద్య కళాశాల వాళ్లు 2014లో పశువులకి ఆపరేషన్ తర్వాతి నొప్పిని కొలిచే పద్ధతి ప్రచురించారు. అది ఏ జాతి మీద చేశారో చూసినప్పుడు నా ఒళ్లు పులకరించింది. నెలోర్ జాతి. ఆ పేరు మన నెల్లూరే. మన ఒంగోలు గిత్తలు 19వ శతాబ్దం నుంచి ఓడలెక్కి బ్రెజిల్ చేరి, అక్కడ నెలోర్ పేరుతో ఆ దేశపు మాంసపు మందల్లో ప్రధాన జాతి అయ్యాయి. వట్టలు తీసే ఆపరేషన్ జరిగిన నెలోర్ గిత్తలను వీడియో తీసి, ఐదు సంగతులు చూశారు: నడక, మందతో కలవడం, కదలిక, మేత మీద యావ, ఇంకా చిల్లర గుర్తులు. ఈ చిల్లర గుర్తుల్లోనే అసలు సరుకంతా ఉంది. తోక విసురుగా కొట్టడం, గాయాన్ని నాకడం, నడుం వంచడం, కాలు నేలకేసి కొట్టడం, తలను వెన్ను గీత కంటే కిందికి దించడం. పదికి నాలుగు దాటితే మందు ఇవ్వాలని తేల్చారు. గుంటూరు పక్కన లాం ఫారంలో ఒంగోలు జాతిని కాపాడుతున్న వాళ్లున్నారు. ఆ జాతి నొప్పిని చదివే పుస్తకం ఏడు సముద్రాల అవతల తయారైంది. అది మన పశువైద్య సిబ్బందికీ, గోపాలమిత్రలకీ తెలుగులో ఒక్క పేజీ చార్టుగా అందితే ఎంత బాగుంటుంది!

ఆస్పత్రి బల్ల మీద దాచేస్తాయి

నొప్పిని దాచడం వేటకి గురయ్యే జంతువులకి పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. కుంటుతున్న లేడినే పులి ఎంచుకుంటుంది. ఆవు, గేదె, గొర్రె, కుందేలు అదే వరసలోవి. అందుకే అరవని పశువుకి నొప్పి లేదనుకోవడం పెద్ద పొరపాటు.

మనిషి ఎదురుగా ఉంటే ఈ దాపరికం ఇంకా పెరుగుతుంది. 2014లో మోగిల్ ప్రయోగశాలలోనే ఒక వింత బయటపడింది. గదిలో మగ పరిశోధకుడు కూర్చుంటే ఎలుకల నొప్పి గుర్తులు తగ్గుతున్నాయి, ఆడ పరిశోధకురాలు కూర్చుంటే తగ్గడం లేదు. మగవాళ్లు రాత్రంతా వేసుకున్న టీషర్టు పక్కన పెట్టినా అంతే. ఆ వాసనకి ఎలుకలకి టెన్షన్ పెరిగి, ఆ టెన్షన్ నొప్పిని కాసేపు కప్పేసింది. జంతువు మీద అప్పటిదాకా చేసిన ఎన్ని కొలతల్లో ఈ తేడా దూరి ఉంటుందో!

ఇది మా ఇంట్లోనే చూశాను. విజయవాడలో మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా జిమ్మీకి పదకొండేళ్లు, నాటు కుక్క. ఒకప్పుడు మెట్లన్నీ మూడు దూకుల్లో ఎక్కేది. పోను పోను రెండో అంతస్తు మలుపులో ఆగి కూర్చోవడం మొదలెట్టింది. "పెద్దదైపోయిందిలే" అనుకున్నాం. ఐదు నెలలు అలాగే అనుకున్నాం. చేత్తో తుంటి దగ్గర నిమిరితే ముడుచుకునేది, అదీ "గారాబం" అనుకున్నాం. చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే బల్ల మీద రాయిలా నిలబడింది. ఎక్కడ నొక్కినా కిక్కురుమనలేదు. ఆవిడ నవ్వి, "ఇంటికెళ్లి మెట్లెక్కేటప్పుడు ఫోన్లో వీడియో తీసి పంపండి, పొద్దున లేవగానే మొదటి పది అడుగులు కూడా తియ్యండి" అన్నారు. వీడియోలో అన్నీ ఉన్నాయి. వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా వేస్తోంది. లేచేటప్పుడు ముందు కాళ్లతో ఒంటిని లాక్కుంటోంది. ఎక్స్‌రేలో తుంటి కీళ్లు అరిగిపోయి కనిపించాయి. మూత్రపిండాలు, కాలేయం పరీక్ష చేయించి మెలాక్సికామ్ అనే నొప్పిమందు మొదలుపెట్టారు. రెండో వారంలో ఒకరోజు పాలవాడి బెల్లు విని మా కంటే ముందు గుమ్మంలో ఉంది. మా అమ్మ గుమ్మంలోనే కూర్చుని దాని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఐదు నెలలు దానికి వయసు రాలేదు, నొప్పి వచ్చింది.

పిల్లుల్లో ఇది ఇంకా ఎక్కువ. 2002లో అమెరికాలో పన్నెండేళ్లు దాటిన పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలిస్తే 90 శాతంలో కీళ్ల అరుగుదల కనిపించింది. వాటిలో చాలావాటిని ఎవరూ "కుంటుతోంది" అని తీసుకురాలేదు. పిల్లి చాలాసార్లు కుంటదు. అల్మరా పైకి దూకడం మానేస్తుంది, వీపు నాక్కోవడం మానేస్తుంది, ఇసుక డబ్బా అంచు ఎక్కలేక పక్కన పోస్తుంది. మనం దానికి పొగరని పేరు పెడతాం.

కత్తి పడకముందు

గుర్తించాక ఏం చెయ్యాలి? ఇక్కడ పరిశోధన చెప్పే మొదటి సంగతి వేళ గురించి. దెబ్బ తగిలాక సంకేతాలు వెల్లువలా వస్తుంటే వెన్నుపాములోని నాడీకణాలు రెచ్చిపోతాయి. శాస్త్రవేత్త క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో దీన్ని చూపించారు. ఒకసారి రెచ్చిపోయాక మామూలు స్పర్శ కూడా నొప్పిగా అనిపిస్తుంది. తేలు కుట్టిన చోట చుట్టుపక్కల గాలి తగిలినా మండుతుందే, అలాగ. అందుకే మందు కత్తి పడకముందే పడాలి. వెల్లువ వచ్చాక గట్టు వెయ్యడం కంటే ముందే వెయ్యడం తేలిక.

లచ్చి ఆపరేషన్ నేను దగ్గరుండి చూశాను. ట్రాలీలో ఎక్కించుకుని పెద్ద పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాం. పశువుని పడుకోబెట్టి పూర్తి మత్తు ఇవ్వడంలో ప్రమాదాలున్నాయి. పొట్టలో గ్యాసు పేరుకోవచ్చు, పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకని నిలబెట్టే చేస్తారు. ముందు మెడకి మెలాక్సికామ్ ఇంజెక్షన్. తర్వాత ఎడమ డొక్క గొరిగి, వెన్నెముక పక్కన పొడవాటి సూదితో మూడు నాలుగు చోట్ల లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు. డొక్కకి వచ్చే నాడుల్ని మొదట్లోనే మూసేస్తారన్నమాట. పావుగంట ఆగి డాక్టరు గారు డొక్క మీద సూదితో అక్కడక్కడా గుచ్చి చూశారు. ఈగ వాలితే చర్మం వణికించే పశువు, సూది గుచ్చినా వణకలేదు. అప్పుడు కోశారు. జానెడు పైన. పెద్దమ్మ ముక్కుతాడు దగ్గర నిలబడి గేదె చెవులే చూస్తోంది, కోత వైపు ఒక్కసారి కూడా చూడలేదు. డాక్టరు గారి చెయ్యి భుజం దాకా లోపలికి వెళ్లింది. కాసేపు తడుముకుని బయటికి తీసినప్పుడు వేళ్ల మధ్య వేలెడు పొడవు బైండింగ్ వైరు. ఒక కొన నున్నగా సూదిలా అరిగి ఉంది. లచ్చి ఆ సమయంలో మెడ తిప్పి పెద్దమ్మ చీర కొంగు వాసన చూసింది.

లిగ్నోకైన్ గంటా రెండు గంటలు పనిచేస్తుంది. అది దిగిపోయే వేళకి మెలాక్సికామ్ అందుకుంటుంది. ఒకటి నాడిని మూస్తుంది, ఇంకొకటి గాయం దగ్గర వాపుని తగ్గిస్తుంది. దూడల కొమ్ము మొగ్గలు కాల్చేటప్పుడు కూడా ఇదే లెక్క. ఒట్టి లిగ్నోకైన్ ఇచ్చిన దూడల్లో, మందు దిగగానే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పైకి లేస్తుంది. వాపు తగ్గించే మందు కూడా కలిపితే ఆ పెరుగుదల బాగా తగ్గుతుంది. కెనడాలో 2013లో చేసిన ఒక ప్రయోగం మనసుని కదిలిస్తుంది. ఒక రంగు తెర కనపడితే పాలు దొరుకుతాయని, ఇంకో రంగైతే దొరకవని దూడలకి నేర్పారు. తర్వాత రెండిటికీ మధ్య రంగులు చూపించారు. కొమ్ములు కాల్చాక ఆ దూడలు మధ్య రంగు తెర దగ్గరికి వెళ్లడం తగ్గించాయి. పాలు దొరుకుతాయన్న ఆశ వాటిలో తగ్గింది. నొప్పి కొమ్ము దగ్గరే ఆగిపోలేదు.

"నొప్పి ఉంటేనే పశువు కదలకుండా పడి ఉంటుంది, గాయం మానుతుంది" అని పల్లెల్లో వింటుంటాను. కొంతకాలం కొందరు వైద్యులు కూడా అలాగే అనుకున్నారు. నొప్పిలో పశువు మేత తగ్గిస్తుంది, ఒత్తిడి హార్మోన్లు మానే శక్తిని తగ్గిస్తాయి, అడ్రినలిన్ పెరిగితే గేదె చేపదు. కదలకుండా ఉంచడానికి కట్టు ఉంది, కొట్టం ఉంది, నొప్పితో పనిలేదు. వాపుకీ కుంటుకీ ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టడం ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. ఉన్న నొప్పి మీద కొత్త నొప్పి పెడితే పశువు పాతదాన్ని చూపించడం మానేస్తుందేమో గానీ, కీలు బాగుపడదు, పైగా పుండు పడుతుంది. మా తాతగారు కూడా పెట్టించారు, ఆయనకి అప్పుడు అంతకంటే దారి తెలియదు. మనకి తెలుసు.

ఇక మందుల దగ్గర ఒక హెచ్చరిక. మన మందుల డబ్బాలోంచి తీసి ఇవ్వకండి. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. ఆ మందును విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్‌ని మోయలేక చిగుళ్లు గోధుమ, నీలం రంగులోకి తిరుగుతాయి. ఐబుప్రొఫెన్ కుక్కలకి పొట్టలో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలు దెబ్బతీస్తుంది. ట్రమడాల్ కథ ఇంకోలా ఉంటుంది. అది మన ఒంట్లో ఇంకో పదార్థంగా మారి పనిచేస్తుంది. కుక్క ఒంట్లో ఆ మార్పు చాలా తక్కువ. 2018లో కీళ్ల అరుగుదల ఉన్న కుక్కల మీద పరీక్షిస్తే ఉపయోగం కనపడలేదు. మార్ఫిన్ లాంటి గట్టి మందులు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఉండటంతో పల్లె ఆస్పత్రికి అందడం కష్టం. అందుకే మన దగ్గర భారమంతా వాపు తగ్గించే మందుల మీద పడుతోంది.

ఆ మందుల్లో ఒకటి ఆకాశాన్నే ఖాళీ చేసింది. డైక్లోఫెనాక్. పశువుల నొప్పికి చౌకగా, బాగా పనిచేసే మందని 1990ల్లో దేశమంతా వాడారు. రాబందులు కనపడకుండా పోవడం మొదలైంది. కారణం 2004లో తేలింది. మందు పడిన కొద్ది రోజుల్లో చనిపోయిన పశువు కళేబరం తింటే రాబందు మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంది. తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. 2006లో ప్రభుత్వం పశువులకి డైక్లోఫెనాక్ నిషేధించింది. అదే ఏడాది మెలాక్సికామ్ రాబందులకి హాని చేయదని పరిశోధకులు నిరూపించారు. మనుషుల డైక్లోఫెనాక్ పెద్ద సీసాల్లో కొని పశువులకి వాడుతున్నారని 2015లో సీసా సైజు మూడు మిల్లీలీటర్లకి తగ్గించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో పశువులకి నిషేధించారు. ఒక జీవి నొప్పి తీర్చబోయి ఇంకో జీవిని పోగొట్టుకున్నాం. మందుల షాపులో "నొప్పి ఇంజెక్షన్ ఇవ్వండి" అని కాకుండా పేరు పెట్టి మెలాక్సికామ్ అని అడగడం, అదీ డాక్టరు రాస్తేనే అడగడం, రైతు చేతిలో ఉన్న పని.

రైతు వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మెలాక్సికామ్ పడ్డాక పాలు కొన్ని రోజులు అమ్మకూడదు. ఐరోపాలో ఆవు పాలకి ఐదు రోజులు, మాంసానికి పదిహేను రోజులు గడువు పెట్టారు. రెండు గేదెల మీద ఇల్లు గడిచే వాళ్లకి ఐదు రోజుల పాలు అంటే చిన్న నష్టం కాదు. నొప్పిమందు ఎందుకు ఇప్పించవని ఆ ఇల్లాలిని నిందించే ముందు, ఆ ఐదు రోజుల డబ్బు ఎవరు భరిస్తారో ఆలోచించాలి. బీమాలోనో, పాల సంఘం నిధిలోనో దానికి చోటు ఉండాలన్నది నా గట్టి నమ్మకం. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు ఊళ్లోకి వచ్చే రోజులివి. డాక్టరు అందుబాటులోకి వస్తున్నాడు. పాల లెక్క కూడా కలిసొస్తే మందు ఆగదు.

లచ్చి ఆపరేషన్ అయ్యాక నేను ఆ బ్రెజిల్ కొలతని కాగితం మీద తెలుగులో రాసి పెద్దమ్మకిచ్చాను. నడక, మందతో కలవడం, కదలిక, మేత, చిల్లర గుర్తులు. ఆవిడ దాన్ని పాల పుస్తకంలో పెట్టుకుంది. పూటపూటా పాల లీటర్ల పక్కన ఒక అంకె వేసేది. మొదటి రోజు ఆరు. రెండో రోజు ఐదు. డాక్టరు గారికి ఫోన్ చేసి అంకె చెబితే ఆయన ఇంకో డోసు రాశారు. నాలుగో రోజు సాయంత్రం నేను విజయవాడ నుంచి వీడియో కాల్ చేశాను. లచ్చి కళ్లు సగం మూసి, తల దించుకుని ఉంది. "తల వెన్ను కంటే కిందికి ఉంది పెద్దమ్మా, ఒక మార్కు వెయ్యి" అన్నాను.

"అది నిద్రమొహం రా, నొప్పి మొహం కాదు. దవడ చూడు" అంది, ఫోను దగ్గరికి పెట్టి.

దవడ మెల్లగా అటూ ఇటూ ఆడుతోంది. నెమరేస్తోంది. ఆవిడ పుస్తకంలో ఒకటి వేసి, పలుపు వదులు చేసింది.